లైఫ్ జాకెట్లు తడపరాదు

ఈ మధ్య మా అక్క మనవరాలు రేష్మాను వెంటబెట్టుకుని బోటు షికారుకు వెళ్ళాను. తిరుపతి నుంచి చంద్రగిరి దాటి ఇంకా లోపలికి పోతే కొండల కింద ఒక జలాశయం ఉంది. పేరు రాయను. రాస్తే ఇదేదో ఆ ఒక్కచోటి సంగతేననుకుని తక్కిన చోట్లవాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు, ఆ సుఖం వాళ్ళకివ్వడం నాకు ఇష్టం లేదు. గేటు దగ్గర భద్రత పేరుతో ఒకాయన నా చేతిసంచి అంతా గాలించి, రేష్మా తెచ్చుకున్న మురుకుల పొట్లం, నా గొడుగు, తాగడానికి పెట్టుకున్న నీళ్ళ సీసా తీసి పక్కన పెట్టించాడు. అన్ని నీళ్ళ మీదికి పోతున్న ముసలిదాని దగ్గర ఒక సీసా నీళ్ళుంటే దేశానికి ఏం ముప్పో నాకు అర్థం కాలేదు. లోపల రేవు దగ్గర పెద్ద ఫ్లెక్సీ, దాని నిండా చేతులు జోడించిన నాయకులు. పక్కనే అద్దం పటం కట్టించి పెట్టిన బోటు తనిఖీ సర్టిఫికెట్. దానికొక ప్లాస్టిక్ పూలదండ, పోయినవాళ్ళ ఫోటోకు వేసినట్టు. పటం కింద నారింజ రంగు జాకెట్ల కుప్ప. కుప్పకు పైన గోడ మీద ఎర్ర రంగుతో రాసిన బోర్డు: ‘లైఫ్ జాకెట్లు తడపరాదు. తడిపినవారికి జరిమానా విధించబడును.’

చదివి నవ్వాను. ఎందుకు నవ్వుతున్నావని రేష్మా అడిగింది. చెప్పలేదు. చెప్పాలంటే మా నాయన దగ్గర మొదలుపెట్టాలి, అప్పటికి బోటు వెళ్ళిపోతుంది. నీళ్ళలో పడ్డ మనిషిని తేల్చడానికి పుట్టిన వస్తువును నీళ్ళు తగలకుండా కాపాడమని రాసేంత తెలివి లోకంలో ఒక్క బుర్రకే ఉంటుందని నేను చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆ బుర్రగల మనిషి పోయి ఎంతో కాలమైంది. బుర్ర మాత్రం పోలేదని, ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి వారసత్వంగా దిగుతూ వచ్చిందని ఆ గోడ చూశాకే తెలిసింది. అవే మాటలు, ఇంచుమించు అదే ఎర్ర రంగు, నేను పావడా కట్టుకునే వయసులో ఇంకో నీళ్ళ గట్టున చూశాను. ఆ బోర్డు అక్కడ లేవడానికి కారణం మా ఇల్లు.

మాది చిత్తూరు. దూదేకులవాళ్ళం. పరుపులు, దిండ్లు కుట్టడం మా ఇంటి పని. ఇంటికి ముందు గది మొత్తం దూదిదే, మనుషులం వెనక వసారాలో సర్దుకునేవాళ్ళం. తెల్లవారగానే నాయన మస్తాన్ దూది ఏకే విల్లును పైకప్పు తాడుకు తగిలించి, చెక్క గూటంతో దాని నరాన్ని కొట్టేవాడు. ఆ మోతకే మేం లేచేవాళ్ళం, ఆ మోత ఆగితే ఇంట్లో ఎవరికో జ్వరమొచ్చిందని వీధి అనుకునేది. మామిడి కోతలైపోయి నలుగురి చేతుల్లో డబ్బులాడే రోజుల్లో పెళ్ళిళ్ళ పరుపులకు తీరిక ఉండేది కాదు. కొత్త పరుపు అంటే గంజి పెట్టిన గుడ్డ వాసన. పాత పరుపు విప్పితే తలనూనె వాసన, చంటిపిల్లల ఉచ్చ వాసన, ఎవరో ముసలాయన ఏళ్ళ తరబడి దాని మీదే దగ్గిన వాసన. బూరుగు దూదికి మాత్రం ఏ వాసనా ఉండేది కాదు, ఎండలో పెట్టి తెస్తే ఎండ వాసన వేసేది. మా కనుబొమల మీద దూది, అన్నం మీద దూది. నూగు లేని రాగి సంగటి నేను పెళ్ళయ్యాకే తిన్నాను, రుచిగా అనిపించలేదు.

ఆ ఇంట్లో అందరికీ పైఅధికారి మా అవ్వ, నాయన తల్లి హుస్సేనమ్మ. ఆమెకు ఉన్నదల్లా ఒకటే చట్టం, దూదికి నీళ్ళు తగలకూడదు. తడిసిన దూది గడ్డ కడుతుంది, ముక్కిపోతుంది, పురుగు పడుతుంది, ఆ పరుపు మీద పడుకున్నవాడు తిట్టే తిట్లు మన వంశానికి తగులుతాయి, ఇదీ ఆమె వాదన. తాగే నీళ్ళ కడవ పెరట్లోనే ఉండాలి. తలస్నానం చేసిన ఆడపిల్ల జుట్టు ఆరేదాకా ముందు గది గడప తొక్కకూడదు. చేతులు కడుక్కుని వచ్చినవాళ్ళ అరచేతులు తిప్పి తిప్పి చూసేది. వానాకాలంలో ఇల్లు కారితే పిల్లల మీద కప్పాల్సిన గోనెపట్టాలు దూది మీద కప్పి, మమ్మల్ని మూలకు నెట్టేది. చెమట పట్టిన మొహంతో దూది మీదికి వంగితే నాయనను కూడా వీపు మీద ఒకటి అంటించేది, ఇద్దరు ఆడపిల్లల తండ్రి కదా అని చూసేది కాదు. చెరువులూ ఏర్లూ మాకు పాటల్లోనే తెలుసు. మా ఇంటిల్లిపాదిలో మోకాలి లోతు నీళ్ళలో దిగిన మనిషి లేడు.

అట్లాంటి ఇంటికి వచ్చి లైఫ్ జాకెట్లు కుట్టమన్నది సర్కారు. సంగతేమిటంటే, జిల్లాలో ఒక డ్యామ్ కట్టారు, కట్టాక అవతలి గట్టున కొన్ని పల్లెలు చిక్కుకుపోయాయి, వాటికి ఒక పడవ పెట్టారు. పడవ పెట్టాక దానికి ఒక ఆఫీసరును పెట్టారు. ఏ శాఖో, ఏం హోదానో మాకు తెలియదు, మేం ఆయనను బోట్ల సారు అనేవాళ్ళం. ఆయన జాతకంలో జలగండం ఉంది. ఇది నేను కల్పించింది కాదు, ఆయన జీపు డ్రైవరే మా అరుగు మీద కూర్చుని టీ తాగుతూ చెప్పాడు. నీటివల్ల గండమని ఎవరో సిద్ధాంతి చెప్పిన నాటినుంచి ఆ పెద్దమనిషి నీళ్ళ దగ్గరికి పోడు. పడవను తనిఖీ చేయాలంటే దాన్ని పదిమంది చేత గట్టు మీదికి లాగించి, ఎండబెట్టించి, అప్పుడు చుట్టూ తిరిగి చూసేవాడు. ఎండిన గట్టు మీద ఏ పడవైనా కారుతుందా? అధిక బరువు ఎక్కకుండా పడవ పక్కన తెల్ల గీత గీయాలని రూలు ఉంటే, అది నీటికి ఎంత పైన ఉండాలో తెలియక చూడటానికి అందంగా ఉన్నచోట గీయించాడట. నీళ్ళ భద్రత అంతా ఆ మహానుభావుడి చేతిలో ఉండేది.

మా నాయన ఆ పని ఒప్పుకోవడానికి కారణం మా అక్క ఫాతిమా. ఆమెకు అప్పుడే టీచరు ఉద్యోగం వచ్చింది, సరిగ్గా ఆ అవతలి గట్టు పల్లెలో. మా వీధిలో ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్ల. వారమంతా అక్కడే ఒకరింట్లో ఉండి, సెలవుకు ఇంటికి వచ్చేది, వచ్చినా పోయినా ఆ పడవే దారి. నీళ్ళంటే అక్కకు వణుకు. ఆ భయం పోగొట్టాలని నాయన మాదిరి జాకెట్టును మేలైన బూరుగు దూదితో కుట్టాడు. అది నీళ్ళు తాగకుండా తేలే దూది అని తెలిసి కాదు, కూతురి ఒంటికి మెత్తగా ఉంటుందని. నారింజ రంగు గుడ్డ, మా దబ్బనం కుట్టు, ముందు కట్టుకోవడానికి గట్టి నాడాలు. అది తొడుక్కుని అక్క వసారాలో అటూ ఇటూ నడిచింది. పెళ్ళికూతురు మాదిరి ఉండావే అని అమ్మ మెటికలు విరిచింది.

బోట్ల సారు వచ్చి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. “ఏమయ్యా మస్తాన్, ఇదేంది, చేతిలో పెడితే పెట్టినట్టే లేదే. గవర్నమెంటుకు గాలి అమ్ముతుండావా?” అన్నాడు.

“బూరుగు దూది సార్. మంచి సరుకు. మా పాప గూడా ఇదే తొడుక్కునేది,” అన్నాడు నాయన.

“మీ పాప సంగతి నాకెందుకప్పా. దూది సామాను ఏదైనా బరువును బట్టే పాస్ చేయాలని రూలు ఉండాది. ఆస్పత్రి పరుపులట్లే, జైలు దిండ్లట్లే. కాటా మీద పెడితే ముల్లు కదలాల గదా,” అని జీపులోంచి కాటా తెప్పించాడు. ముల్లు ఆయనకు కావలసినంత కదలలేదు. అందులో ఉన్న దూది తీసేసి బరువైన దూది దట్టించమని చెప్పి, టీ తాగి, దిండు ఒకటి ఊరికే తీసుకుని వెళ్ళిపోయాడు.

నాయన ఆ పూటంతా గొణిగాడు కానీ కుట్టడం కుట్టాడు. పాత పరుపుల్లోంచి తీసిన ముతక దూదిని గూటంతో కొట్టి కొట్టి, ఇటుకరాయి అంత గట్టిగా కూరాడు. అక్క జాకెట్టును కూడా విప్పి కూరాడు, అన్నీ ఒకే తీరుగా ఉండాలని సారు పట్టుబట్టాడు మరి. ఈసారి కాటా మీద ముల్లు ఎగిరింది. సారు సంతోషపడి జాకెట్టును కింద పెట్టి దాని మీద కూర్చుని చూశాడు. ఎందుకు కూర్చున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు, బహుశా పరుపులకు అట్లా చేసే అలవాటుండి ఉంటుంది. పాస్ అయింది అన్నాడు. అన్నింటి మీదా ముద్ర పడింది.

ఆ సాయంత్రం అక్క జాకెట్టును ఒళ్ళో పెట్టుకుని, “నాయనా, ఇది నీళ్ళలో తేలతాదా?” అని అడిగింది.

నాయన దబ్బనానికి దారం ఎక్కిస్తూ, “గవర్నమెంటు పాస్ చేసినాక తేలకుండా యాడికి పోతాది పాపా,” అన్నాడు.

అమ్మ ఒక్కతే కాస్త బుద్ధిగా మాట్లాడింది. “పెరట్లో తొట్టి ఉండాది గదా. ఒకటి అందులో ఏసి సూస్తే పోలా?”

అవ్వ వక్క నములుతున్నదల్లా ఆపింది. “దూదిని తడిపేవాళ్ళు ఈ ఇంట్లో పుట్టలేదు. నేను బతికుండంగా పుట్టబోరు,” అంది. అంతే, మాట అక్కడితో అయిపోయింది. నీళ్ళకు దడుచుకునే ఆఫీసరు ఒకవైపు, దూదిని తడపని దూదేకులవాళ్ళు ఒకవైపు, నడుమ అక్క ప్రాణం. ఇంటి నుంచి ఆఫీసు దాకా ఎన్ని చేతులు మారినా ఆ జాకెట్లలో ఒక్కటి కూడా నీటి చుక్క ఎరగకుండానే డ్యామ్ చేరింది. సర్కారును తిట్టేటప్పుడు మా ఇంటిని వదిలేయడం న్యాయం కాదు, అందుకని ఇద్దరినీ కలిపే తిడుతున్నాను.

డ్యామ్ దగ్గర టెంకాయ కొట్టారు. పడవ ఎక్కిన అందరికీ జాకెట్లు తొడిగి ఫోటో తీశారు. సారు ఫోటోలో లేడు, ఫోటోకు నీళ్ళ దగ్గరికి రావాలి కాబట్టి. ఫోటో అయ్యాక అన్నీ విప్పించి, సర్కారు సొత్తు పాడవకూడదని గట్టు మీద ఒక ఇనపపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళం చెవి జేబులో వేసుకుని పోయాడు. అది ఆయన చేసిన ఒకే ఒక మంచి పని. తెలియక చేసినా చాలామంది ప్రాణాలు ఆ తాళం వల్ల నిలిచాయి. అక్క మాత్రం, నాయన చేత్తో కుట్టినది కదా అని, తనది ఇవ్వలేదు. ఎప్పుడు పడవ ఎక్కినా తొడుక్కునేది. నాయన నేర్పిన ముడి వేసుకునేది. పరుపుకు మేం వేసే ముడి అది, లాగేకొద్దీ బిగుస్తుంది, తడిస్తే ఇంకా బిగుస్తుందని మాకు తెలియదు, మేం ఎన్నడూ తడిపి ఎరగం కాబట్టి.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, అవతలి గట్టు ఇంకా కొంచెం దూరంలో ఉందనగా కొండల మీంచి గాలి లేచింది. పడవలో ఉన్న మేకలు బెదిరి ఒక పక్కకు దూకాయి. పడవ ఒరిగింది. అంచున కూర్చున్న అక్క నీళ్ళలో పడింది. కాసేపు తేలిందట. ఆ తర్వాత జాకెట్టు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. దానిలోంచి బయటికి వస్తే బతుకుతానని అక్కకు తెలుసు, ముడి రావడం లేదు. పడవలో గడ్డికోసుకునే మునెమ్మ అనే ఆమె ఉంది. ఆమె వంగి అక్క జడ పట్టుకుని, ఇంకో చేత్తో కొడవలి జొనిపి నాడాలు తెంచింది. పడవలోవాళ్ళు అక్కనూ, కొడవలికి తగులుకున్న జాకెట్టునూ పైకి లాగారు. తెంచేటప్పుడు కొడవలి మొన అక్క గడ్డం కింద గీసుకుంది, ఆ మచ్చ ఇంకా ఉంది. “నాయన ముడి నన్ను కిందికి లాగతా ఉంటే, అంత గట్టిగా ఎందుకు కట్టుకుంటినా అని ఏడ్చినాను,” అని ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక్కసారి నాతో అంది, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజే అక్క ఇంటికి వచ్చేసింది. తడి చీర ఒంటి మీదే ఆరిపోయింది, గడ్డం కింద పసుపు అద్దిన గుడ్డ. చేతిలో గోనెసంచి, అందులోంచి నీళ్ళు కారుతున్నాయి. గడప దగ్గర ఆగలేదు. నేరుగా ముందు గదిలోకి నడిచి, నాయన పొద్దున్నుంచి ఏకి కుప్ప పోసిన తెల్లటి దూది నడిమధ్యన ఆ తడి జాకెట్టును వేసింది. అవ్వ దిగ్గున లేచింది. తెగిన నాడాలు, అక్క గడ్డం చూసి మళ్ళీ కూర్చుంది. నాయన జాకెట్టు చీలికలో చెయ్యి పెట్టి ఒక గడ్డ బయటికి లాగాడు. నల్లగా, మట్టి కొట్టుకుని, ఎవరో పోయినవాళ్ళ పరుపులోని దూది. పిండాడు. నీళ్ళు ధారగా నేల మీదికి పోయాయి. పిండుతూనే ఏడ్చాడు. అంత పెద్ద మగమనిషి ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం, నాకు భయం వేసి అమ్మ వెనక దాక్కున్నాను.

తెల్లారి నాయన నన్ను కూడా పిలుచుకుని ఆఫీసుకు పోయాడు, ఒంటరిగా ఆఫీసు మెట్లు ఎక్కడం ఆయనకు చేతకాదు. నాయన అడిగిందల్లా ఒకటే. ఆ జాకెట్లన్నీ తిరిగి ఇచ్చేయండి, బూరుగు దూది పెట్టి ఊరికే కుట్టి ఇస్తాను.

సారు ఫ్యాను కింద గొంతుగుండీ విప్పుకుని విన్నాడు. “పాస్ అయిన సరుకు పనికిరాదని ఎట్ల రాసేదప్పా? రాస్తే పాస్ చేసిందెవరని అడగరా?”

“మనిషి మునిగింది సార్.”

“యాడ మునిగింది? బతికే ఉండాది గదా. జాకెట్ తొడుక్కునింది, నీళ్ళలో పడింది, బతికింది. రిపోర్టు అట్లనే పోతాది,” అన్నాడు. అని, ఆ ఆలోచన తనకే ఎంత నచ్చిందో కుర్చీలో ముందుకు జరిగాడు. “ఒక పని చేస్తా. సంతరోజు నుంచి పడవ ఎక్కే ప్రతి మనిషీ జాకెట్ తొడుక్కుని తీరాలని ఆర్డరు వేస్తా. పెట్టెకు తాళం తీసేస్తాం. నీకే మంచి పేరు మస్తాన్.”

నాయన నన్ను లేపుకుని మెట్లు దిగాడు. దారిలో నా చెయ్యి నొప్పి పుట్టేటట్టు పట్టుకున్నాడు. నా కూతుర్ని ముంచిన సరుకును ఇప్పుడు ఊరందరికీ కడతారంట అని ఎవరికో చెబుతున్నట్టు తనలో తానే అంటూ నడిచాడు. ఇంటికొచ్చి అదే మాట అవ్వకు చెప్పాడు. అవ్వ వక్క ఉమ్మేసి, “సంతరోజుకు నేనూ వస్తా,” అంది.

సంతరోజు గట్టు మీద జాతర అంత జనం. కూరగాయల గంపలు, కోళ్ళు, చంటిపిల్లలు. బంట్రోతు ఒకడు ఒక్కొక్కరికీ జాకెట్టు తొడిగి నాడాలు బిగిస్తున్నాడు. సారు దూరంగా ఒక గొడుగు కింద కుర్చీ వేయించుకున్నాడు. నాయన పెట్టెలోంచి ఒక జాకెట్టు తీసి నీళ్ళ అంచు దాకా పోయాడు. అక్కడ నిలబడిపోయాడు. విసరాలని వచ్చినవాడే, చెయ్యి లేవలేదు. పుట్టినప్పటి నుంచి నీళ్ళకు దూరంగా దూదిని పట్టుకున్న చేతులవి, వాటికి అదొక్కటే తెలుసు. జనం చూస్తున్నారు. అప్పుడు అవ్వ కొంగు బిగించుకుని, వంగిన నడుముతో గట్టు దిగి, ఆ జాకెట్టును ఆయన చేతుల్లోంచి లాక్కుంది. “మనిషి తడిసినాక దూది తడిస్తే ఏంరా,” అని నీళ్ళలోకి విసిరింది.

“తేలతా ఉండాది గదా, ఏందిది గోల?” అని గొడుగు కింది నుంచి సారు అరిచాడు. నిజమే, తేలింది. పడవలో ఉన్నవాళ్ళంతా మెడలు చాచి చూశారు. జాకెట్టు కొంచెం పక్కకు తిరిగింది, గుడ్డ రంగు ముదిరింది, ఒక అంచు దిగింది, తర్వాత మొత్తం దిగిపోయింది, నాలుగు బుడగలు వచ్చాయి. అప్పటికి నాయన చేతులకు ప్రాణం వచ్చింది. ఒకటి తర్వాత ఒకటి విసిరాడు. పడవలోని వాళ్ళు ఎవరి నాడాలు వాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టారు. పిల్లలకు కట్టిన ముడులు రాకపోతే మునెమ్మ కొడవలి అందించింది. ఆ రోజు ఒక్కరు కూడా జాకెట్టుతో నీళ్ళ మీదికి పోలేదు. సారు గొడుగు వదిలి గట్టు సగం దాకా దిగి, జాతకం గుర్తొచ్చి అక్కడే ఆగిపోయి చేతులు ఊపాడు.

నాయన మీద సర్కారు సొత్తు పాడుచేసినట్టు కేసు రాశారు, జరిమానా వేశారు. ఆస్పత్రి పరుపులు, హాస్టలు దిండ్లు, ఇంక ఏ సర్కారు పనీ ఆయనకు ఇవ్వలేదు. మిగిలిన కొద్ది జాకెట్లు మళ్ళీ పెట్టెలోకి, తాళం కిందికి పోయాయి. ఆ తర్వాత సారు బాగా ఆలోచించి, మునుముందు ఇట్లాంటి ప్రమాదం జరగకుండా గట్టు మీద ఆ బోర్డు పెట్టించాడు. ప్రమాదం అంటే అక్క మునగడం కాదు, జాకెట్టు మునగడం. అక్క ఉద్యోగం మానలేదు. ఆ తర్వాత ఎప్పుడు పడవ ఎక్కినా మునెమ్మ పక్కన, కొడవలి అందేటంత దగ్గరగా కూర్చునేది. అవ్వ చట్టం మాత్రం ఆ రోజుతో పోయింది. తలతడితో మేం ముందు గదిలోకి వస్తే చూసీ చూడనట్టు ఉండేది. అది మాకేమీ సంతోషంగా ఉండేది కాదు, తిడితే బాగుండుననిపించేది.

ఇప్పుడు ఆ వీధిలో విల్లు మోత లేదు. స్పాంజి పరుపులొచ్చి మా నాయన పొట్ట కొట్టాయి, విల్లు నరం తెగాక మళ్ళీ కట్టించలేదు, ఆయన కూడా దాని తర్వాత ఎక్కువ కాలం లేడు. ఆ సారు లాంటివాళ్ళు మాత్రం మా కంటే గట్టివాళ్ళు, వాళ్ళ పనికి ఏ స్పాంజీ అడ్డం రాలేదు. అప్పుడు కాటా ఉండేది, ఇప్పుడు కెమెరాలున్నాయి, ఫోనులో తనిఖీ చేసే ఏర్పాట్లున్నాయి. ఎక్కడో ఒక బోటు తిరగబడి జనం పోతే టీవీలో నాలుగు రోజులు గగ్గోలు, ఒక కమిటీ, అన్ని రేవుల్లో బోట్లు బంద్. మళ్ళీ సెలవులు రాగానే కొత్త ఫ్లెక్సీ, కొత్త దండ. అప్పటి సారుకు కనీసం జలగండం ఉండేది, నీళ్ళంటే భయపడేవాడు. ఇప్పటివాళ్ళకు ఆ భయం కూడా లేదు, నీళ్ళ దగ్గరికి ఊరికే రారు.

ఇదంతా నా తలలో తిరుగుతుండగా రేష్మా జాకెట్టు తొడుక్కుని బోటు ఎక్కి కూర్చుంది. నా జాకెట్టు నా చేతిలో ఉంది. బొటనవేలితో నొక్కాను, పరుపులవాళ్ళ బిడ్డకు అది పోయే అలవాటు కాదు. లోపల ముక్కలు ముక్కలుగా ఏదో కదిలింది. కుట్టు ఊడినచోట వేలు పెట్టి చూశాను. పాత సోఫాల్లోంచి కోసిన స్పాంజి. మా ఇంటిని తిన్నది, మా వంటింట్లో గిన్నెలు తోమేది, నీళ్ళు చూస్తే తాగడం తప్ప ఇంకేమీ తెలియనిది.

అక్కడ నిలబడ్డ సూపర్‌వైజరును పిలిచి, “వీటిని ఎప్పుడైనా నీళ్ళలో ఏసి సూసినారా నాయనా?” అని అడిగాను.

“అన్నీ పాస్ అయిండాయి మేడమ్. సర్టిఫికెట్ ఆడ ఉండాది సూడండి,” అన్నాడు, దండ వేసిన పటాన్ని చూపిస్తూ.

“సర్టిఫికెట్ సంగతి కాదు. జాకెట్ సంగతి.”

“తడపకూడదు మేడమ్,” అని ఈసారి గోడ చూపించాడు. ఆ పిల్లవాడిలో కపటం లేదు, వాడు నిజంగానే నమ్ముతున్నాడు. నాకు వాడి మీద కోపం కూడా రాలేదు, జాలీ రాలేదు. రేష్మాను దిగమన్నాను. అది మొహం గంటు పెట్టుకుని దిగింది. నేను నా జాకెట్టును నీళ్ళలోకి విసిరాను.

“తేలతా ఉండాది గదా మేడమ్, ఎందుకిట్ల చేస్తుండారు?” అన్నాడు వాడు. అచ్చం ఆనాటి సారు మాటే. ఇద్దరం నిలబడి చూశాం. తేలింది, పక్కకు తిరిగింది, రంగు ముదిరింది, దిగిపోయింది. బోటులో ఉన్నవాళ్ళు ఫోన్లు తీసి అదంతా చక్కగా వీడియో తీసుకున్నారు. ఒకావిడ భర్తతో “ఆమె ఎవరో కొంచెం తేడాగా ఉంది” అంది. తీయడం అయ్యాక ఫోన్లు జేబుల్లో పెట్టుకుని, జాకెట్ల బకిల్స్ సరిచూసుకుని, అట్లాగే కూర్చున్నారు. ఆనాడు గట్టు మీద ఉన్నది చదువురాని సంతజనం, ముడులు రాకపోతే కొడవళ్ళు అడిగారు. సూపర్‌వైజరు నాకు జరిమానా రాశాడు. కట్టాను.

బయలుదేరడానికి బోటు మోటారు తిప్పుతున్నారు. పలమనేరులో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. జాకెట్టు నీళ్ళలో వేశానని, జరిమానా కట్టానని చెప్పాను, బోటులో చంటిపిల్లలు కూడా ఉండారని చెప్పాను. 

“తేలతాదా?” అని అడిగింది. నాయనను అడిగిన గొంతే.

“లేదక్కా. మునిగిపోయింది.”

“పాప యాడుండాది?”

“నా పక్కనే. ఒడ్డు మీదుండాది.”

“అయితే ఇంకోటి ఎయ్యి,” అంది అక్క. “వాళ్ళు ఆ బోటు ఆపేదాకా ఎయ్యి. జరిమానా నేను కడతా.”

ఫోను రేష్మా చేతికిచ్చి, నేను జాకెట్ల కుప్ప దగ్గరికి నడిచాను.